ఎస్పీ రోడ్డులో దొరికే ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ మాడ్యూల్: క్లస్టర్ నెట్‌వర్క్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో ఎంటెక్ చదివే మన తెలుగు పిల్లల్లో ప్రతి ఏడూ కొందరు వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్ ప్రాజెక్టు తీసుకుంటారు. బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్ బోర్డులను (నోడ్లను) గుంపులుగా, అంటే క్లస్టర్లుగా చేసి, ఒక్కో గుంపు డేటా పోగుచేయడానికి ఒక హెడ్‌ను పెట్టే పద్ధతి లీచ్ ప్రోటోకాల్. దాన్ని ల్యాప్‌టాప్ మీద సిమ్యులేట్ చేసి గ్రాఫులు గీస్తారు. గైడ్ గారు "బోర్డు మీద నడిపి చూపించండి" అన్నాక కేఆర్ మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి ఎస్పీ రోడ్డుకు, అంటే సాదర్ పత్రప్ప రోడ్డుకు నడుస్తారు. అక్కడ చవకైన రేడియో కావాలంటే చాలా షాపుల్లో ముందుగా చేతిలో పెట్టేది ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ మాడ్యూల్. బొటనవేలంత పలక, ఎనిమిది పిన్నులు, ఒక చివర పాములా మెలికలు తిరిగిన రాగి గీత. ఆ గీతే యాంటెన్నా. షాపుల్లో కన్నడ, హిందీతో పాటు తెలుగు కూడా నడుస్తుంది కాబట్టి బేరానికి ఇబ్బంది లేదు. ఏం అడగాలి, ఇంటికొచ్చాక ఏం పరీక్షించాలి అన్నదే అసలు విషయం.

ముందే తీర్పు చెప్పేస్తాం. ఒక భవనంలోనో, ఒక చిన్న తోటలోనో పదీ పదిహేను నోడ్ల క్లస్టర్‌కు ఇది మంచి రేడియో. అయిదింటికి నాలుగు ఇవ్వొచ్చు. అయితే దీన్ని మామూలు ఆర్డ్వినో ఊనో బోర్డుకు తగిలించి, లీచ్ సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాసి, బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుందనుకుంటే మూడో రోజుకే నెట్‌వర్క్ పడుకుంటుంది. తప్పు మాడ్యూల్‌ది కాదు. సిమ్యులేషన్‌లో లెక్కపెట్టిన ఖర్చు ఒకటి, బోర్డు మీద అయ్యే ఖర్చు ఇంకొకటి.

ఆ తేడా అర్థం కావాలంటే లీచ్ లెక్క ఒకసారి చూడాలి. వెండీ హైన్‌జెల్మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ 2000లో ఎంఐటీ నుంచి ఈ ప్రోటోకాల్‌ను ప్రకటించారు. అందులో రేడియో సర్క్యూట్ నడవడానికి బిట్టుకు 50 నానో జౌళ్లు, దానిపైన యాంప్లిఫైయర్‌కు దూరం వర్గాన్ని బట్టి పెరిగే ఖర్చు. దూరం తగ్గితే ఖర్చు బాగా తగ్గుతుంది, కాబట్టి దగ్గరి హెడ్‌కు పంపండి, హెడ్ అందరి డేటా కలిపి దూరంగా ఉన్న బేస్ స్టేషన్‌కు పంపుతుంది, హెడ్ పని అందరూ వంతులవారీగా చేయండి. ఆలోచన చక్కటిది. ఇప్పుడు ఇదే ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01+ డేటాషీట్ తెరవండి. పూర్తి శక్తి 0 డీబీఎంలో (డీబీఎం అంటే రేడియో శక్తి కొలమానం) పంపితే 11.3 మిల్లీ ఆంపియర్లు. కనిష్ఠ శక్తి -18 డీబీఎంలో పంపితే 7.0. గాలిలోకి వెళ్లే శక్తి 63 రెట్లు పడిపోయింది, బ్యాటరీ నుంచి తీసుకునే కరెంటు మాత్రం 38 శాతమే తగ్గింది. 250 కేబీపీఎస్ వేగంలో వినడానికి అయ్యే కరెంటు 12.6 మిల్లీ ఆంపియర్లు. అంటే ఈ చిప్‌లో మాట్లాడటం కన్నా వినడానికే ఎక్కువ ఖర్చు. దగ్గరి హెడ్‌ను ఎంచుకుని మిగిల్చుకునేది చాలా తక్కువ. రిసీవర్‌ను ఎన్ని క్షణాలు తెరిచి ఉంచారన్నదే మీ బ్యాటరీ ఆయుష్షు.

ఇక కొనుగోలు. ఈ మాడ్యూల్ అచ్చంగా అసలు తయారీ సంస్థ నార్డిక్ చిప్‌తోనే వస్తుందన్న నమ్మకం లేదు. పైన అదే పేరు చెక్కిన నకలు చిప్పులు మార్కెట్లో చాలా ఉన్నాయి, అక్షరాలు చూసి పట్టుకోలేం. నల్లటి ఎపాక్సీ బొట్టు కింద చిప్‌ను దాచేసిన చిన్న రకం పలకలు మాత్రం చూడగానే పక్కన పెట్టండి, లోపల ఏముందో తెలుసుకునే దారే లేదు. ఎక్కువ మంది ఎదుర్కొనే చిక్కు ఏమిటంటే, రెండు వేర్వేరు లాట్ల మాడ్యూళ్లు 1 ఎంబీపీఎస్‌లో బాగా మాట్లాడుకుంటాయి, 250 కేబీపీఎస్‌కు మార్చగానే ఒకదాన్నొకటి వినవు. ఆటో అక్నాలెడ్జ్ (ప్యాకెట్ అందిందని చిప్ తానే పంపే జవాబు) వద్దని చెప్పే బిట్టును కొన్ని నకళ్లు తలకిందులుగా అర్థం చేసుకుంటాయి. అందుకే పది నోడ్లకు పన్నెండు కొనండి, అన్నీ ఒకే లాటు నుంచి ఒకేసారి తీసుకోండి. ఈ షాపులో ఆరు, పక్క షాపులో ఆరు అస్సలు వద్దు.

ఇంటికి రాగానే ప్రతి ముక్కకూ మూడు పరీక్షలు. మొదటిది, ఆర్డ్వినోలో ఈ రేడియోను నడిపే ఆర్‌ఎఫ్24 లైబ్రరీలోని ప్రింట్‌డీటెయిల్స్ నడపండి. రిజిస్టర్లన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌ఎఫ్‌లో వస్తే వైరింగ్ తప్పు. అదే లైబ్రరీలోని ఈజ్‌పీవేరియంట్ ఫంక్షన్ "అవును" అనాలి. "కాదు" అంటే మీకు ఇచ్చింది 250 కేబీపీఎస్ లేని పాత రకం. రెండోది, 250 కేబీపీఎస్‌లో ప్రతి మాడ్యూల్ నుంచి ప్రతి మాడ్యూల్‌కూ వంద ప్యాకెట్లు పంపి ఎన్ని చేరాయో రాసుకోండి, రెండు గోడల అవతల పెట్టి మళ్లీ చేయండి. మూడోది, చాలామంది వదిలేసేదీ అన్నిటికన్నా ముఖ్యమైనదీ: పవర్‌డౌన్‌లో, అంటే రేడియోను పడుకోబెట్టినప్పుడు, కరెంటు కొలవండి. డేటాషీట్ ప్రకారం 0.9 మైక్రో ఆంపియర్. మీటర్లో ఒకటి చుట్టూ చూపిస్తే మంచిది. పది, ఇరవై చూపిస్తే ముందు సీఎస్‌ఎన్ పిన్ను హైలో, సీఈ పిన్ను లోలో ఉన్నాయేమో చూడండి. అవి సరిగ్గా ఉన్నా తగ్గకపోతే ఆ ముక్క వెనక్కి ఇచ్చేయండి.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మామూలు మల్టీమీటర్‌ను మైక్రో ఆంపియర్ రేంజిలో పెడితే దాని లోపలి రెసిస్టర్ మీద వోల్టేజి పడిపోతుంది. రేడియో పంపే క్షణంలో బోర్డు రీసెట్ అయి, తప్పు మాడ్యూల్‌దే అనిపిస్తుంది. మీటర్ తర్వాత, బోర్డు వైపున 100 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ల్యాబులో నార్డిక్ పవర్ ప్రొఫైలర్ కిట్ 2 ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. అది సెకనుకు లక్ష శాంపిళ్లు తీసి, స్లీప్ నుంచి ట్రాన్స్‌మిట్ దాకా మొత్తం బొమ్మ గీసి చూపిస్తుంది.

కెపాసిటర్ మాట వచ్చింది కాబట్టి: ఈ మాడ్యూల్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు ఒకటే, వీసీసీ, గ్రౌండ్ పిన్నుల మధ్య 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్. మాడ్యూల్ పిన్నుల దగ్గరే అతికించాలి, బ్రెడ్‌బోర్డు అవతలి చివర పెడితే లాభం లేదు. వీసీసీకి 1.9 నుంచి 3.6 వోల్టుల వరకే. డేటా పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి, వీసీసీ తట్టుకోదు. షాపులో "రేంజి ఎక్కువ" అంటూ పొడుగు యాంటెన్నా, అదనపు యాంప్లిఫైయర్లు ఉన్న పీఏ ఎల్‌ఎన్‌ఏ రకం చూపిస్తారు. అది పూర్తి శక్తిలో 115 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, ఊనో బోర్డు 3.3 వోల్టుల పిన్ను ఇవ్వగలిగింది 50. బ్యాటరీ నోడ్లకు ఆ రకం వద్దు. గోడ ప్లగ్గుకు కట్టిన బేస్ స్టేషన్‌కు, విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి వాడుకోవచ్చు.

లీచ్‌ను ఈ చిప్ మీద ఉన్నదున్నట్టు ఎక్కించలేకపోవడానికి మొదటి కారణం, దీనికి సిగ్నల్ బలం కొలిచే శక్తి లేదు. లీచ్‌లో ప్రతి సభ్య నోడూ హెడ్ల ప్రకటనలు విని, ఎవరి సిగ్నల్ గట్టిగా ఉంటే వారి దగ్గర చేరుతుంది. ఈ చిప్‌లో ఉన్నది ఆర్‌పీడీ అనే ఒక్క బిట్టు: వచ్చిన సిగ్నల్ -64 డీబీఎం దాటితే 1, లేకపోతే 0. ఇద్దరు హెడ్లలో ఎవరు దగ్గరో అది చెప్పదు. దీనికి విరుగుడు ఉంది. హెడ్ తన ప్రకటనను నాలుగుసార్లు, నాలుగు శక్తి స్థాయిల్లో పంపాలి: -18, -12, -6, 0. ఏ స్థాయిలో పంపానో ఆ ప్యాకెట్లోనే రాయాలి. సభ్య నోడు తాను వినగలిగిన కనిష్ఠ స్థాయిని గుర్తుపెట్టుకుంటుంది. -18 దగ్గరే వినిపించిన హెడ్ దగ్గరిది, 0కు గానీ వినిపించనిది దూరపుది. తర్వాత తన డేటా పంపడానికి అదే స్థాయిని వాడుకుంటే సరిపోతుంది. మధ్యలో ఎవరైనా నిలబడినా చాలు సిగ్నల్ పడిపోతుంది కాబట్టి ఒక మెట్టు పైన పెట్టుకోవడం మంచిది.

రెండో కారణం లెక్కలది. లీచ్‌లో ప్రతి నోడూ తనకు తానే ఒక యాదృచ్ఛిక సంఖ్య వేసుకుని, అది ఒక హద్దు కన్నా తక్కువైతే హెడ్‌గా నిలబడుతుంది. వంద నోడ్లు, అయిదు శాతం హెడ్లు అయితే మొదటి రౌండులో ఒక్క హెడ్ కూడా లేకుండా పోయే అవకాశం 0.6 శాతమే, ఫర్వాలేదు. మీ దగ్గరున్నవి పది నోడ్లు, పెట్టుకున్నది పది శాతం. ఒక్కరూ హెడ్ కాకపోయే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది: 35 శాతం. మూడు డెమోల్లో ఒకదానికి నెట్‌వర్క్ మొదలే కాదన్నమాట. పది నోడ్లకు లాటరీ ఎందుకు? నోడ్ నంబరు ప్రకారం వంతు పెట్టండి, వంతు వచ్చిన నోడ్ బ్యాటరీ మిగతావాటి కన్నా 50 మిల్లీ వోల్టులు తక్కువగా ఉంటే దాన్ని దాటేసి తర్వాతి నంబరుకు వెళ్లండి. ఊనో బోర్డు మీద ఉండే మైక్రోకంట్రోలర్ చిప్ ఏటీమెగా328పీ తన లోపలి 1.1 వోల్టుల రిఫరెన్సుతో పోల్చి సరఫరా వోల్టేజిని తానే కొలుచుకోగలదు, బయట ఒక్క రెసిస్టర్ కూడా అక్కర్లేదు. కొలత మాత్రం ప్యాకెట్ పంపిన వెంటనే తీసుకోవాలి. తీరుబడిగా ఉన్నప్పుడు పాత సెల్లు కూడా కొత్తదానిలా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. రెండు ఏఏ ఆల్కలైన్ సెల్లులు వరసగా కడితే 3 వోల్టులు, దాదాపు 2,500 మిల్లీ ఆంపియర్ అవర్లు. హెడ్ ఎప్పుడూ వింటూ కూర్చుంటే రేడియో ఒక్కదానికే 12.6 మిల్లీ ఆంపియర్లు, 198 గంటలు, అంటే ఎనిమిది రోజులు. పది నోడ్లు వంతులు వేసుకుంటే ఎనభై రోజులు. ఇంటర్నెట్లో దొరికే కోడుల్లో చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, "రొటేషన్ వల్ల ఆయుష్షు పది రెట్లు పెరిగింది" అని రిపోర్టులో రాసేస్తారు. నిజానికి లీచ్‌లోనే ఇంతకన్నా మంచి సంగతి ఉంది, హెడ్ తన సభ్యులకు టైమ్ స్లాట్లు పంచుతుంది. ఎవరి స్లాటులో వారు లేచి పంపి పడుకుంటారు. హెడ్ కూడా స్లాట్లు నడిచేంతసేపే రిసీవర్ తెరిస్తే చాలు. మరి ఆ స్లాటు ఎంత వెడల్పు ఉండాలి? అది తేల్చేది రేడియో కాదు, గడియారం.

ఏటీమెగాలో స్లీప్ నుంచి లేపడానికి అందరూ వాడేది వాచ్‌డాగ్ టైమర్. దాని లోపలి ఆసిలేటర్ వేడికీ వోల్టేజికీ మారిపోతూ ఉంటుంది, ఏ రెండు చిప్పులకూ ఒకేలా ఉండదు. రెండు నోడ్ల మధ్య ఒక్క శాతం తేడా అనుకున్నా నిమిషంలో 0.6 సెకను. స్లాటుకు ముందు 0.6, వెనక 0.6 వదలాలి కాబట్టి ఒక్కో సభ్యుడికి 1.2 సెకన్లు. తొమ్మిది మందికి 10.8 సెకన్లు. నిమిషంలో 18 శాతం సేపు రిసీవర్ తెరిచి ఉంటుంది, సగటున 2.27 మిల్లీ ఆంపియర్లు. పంపే ప్యాకెట్ ఎంతసేపు? 32 బైట్లు 250 కేబీపీఎస్‌లో 1.3 మిల్లీ సెకన్లు. అంత చిన్న మాట కోసం సెకనుకు పైగా తలుపు తెరుచుకుని కూర్చోవడం.

వాచ్‌డాగ్ బదులు 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టండి, గోడ గడియారాల్లో ఉండే సన్నటి గొట్టం లాంటిదే. ఒక్కోదానికి 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తేడా అనుకుంటే రెండు నోడ్ల మధ్య ఎక్కువలో ఎక్కువ 40 పీపీఎం, నిమిషానికి 2.4 మిల్లీ సెకన్లు. ముందూ వెనకా కలిపి 4.8. ఒక ప్రయత్నానికి 1.3 ప్యాకెట్, 0.13 రేడియో కుదురుకోవడానికి, 0.75 జవాబు కోసం, మొత్తం 2.2. మూడు ప్రయత్నాలకు 6.6. అన్నీ కలిపితే 11.4, స్లాటు 12 మిల్లీ సెకన్లు పెట్టండి. తొమ్మిది మందికి 108 మిల్లీ సెకన్లు, సగటున 23 మైక్రో ఆంపియర్లు. 2.27 మిల్లీ ఎక్కడ, 23 మైక్రో ఎక్కడ! ఒక చిన్న క్రిస్టల్‌తో వంద రెట్ల తేడా. ఇంత వచ్చాక హెడ్ వంతులు మార్చాల్సిన తొందర కూడా పోతుంది. ఏ హెడ్ ఎన్నిక సూత్రమూ ఈ పది నోడ్ల మీద ఇంత మేలు చేయలేదు. లీచ్ లాంటి ప్రోటోకాల్‌లు హీడ్, డీక్, సెప్ అంటూ పేర్లు మార్చి సిమ్యులేషన్లో పది శాతం మెరుగుదల కోసం తంటాలు పడేవారు ఒక్కసారి గడియారం వైపు చూడాలని మా కోరిక.

క్రిస్టల్ పెట్టడానికి ఒక మెలిక ఉంది. ఏటీమెగా328పీలో ఈ క్రిస్టల్ కూర్చోవలసిన పిన్నులు, మామూలు క్లాక్ క్రిస్టల్ పిన్నులు ఒకటే. ఇదే చిప్ ఉన్న చిన్న ఆర్డ్వినో బోర్డు ప్రో మినీ మీద ఉన్న రెసొనేటర్ పీకి అక్కడ దీన్ని అతికించడం చేయి తిరిగినవారికే సాధ్యం. తేలిక దారి, 28 పిన్నుల విడి చిప్ కొని పర్ఫ్‌బోర్డు మీద కట్టుకోవడం. చిప్‌లో ఫ్యూజులనే శాశ్వత సెట్టింగులు ఉంటాయి. వాటిలో లో ఫ్యూజ్ హెక్స్ ఈ2 పెడితే లోపలి 8 మెగాహెర్ట్జ్ క్లాకుతో నడుస్తుంది, టైమర్ 2 బయటి క్రిస్టల్‌తో అసింక్రనస్‌గా తిరుగుతుంది, పవర్‌సేవ్ మోడ్‌లో మొత్తం చిప్ ఒక మైక్రో ఆంపియర్ చుట్టుపక్కల తాగుతుంది. ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్‌ను హెక్స్ ఎఫ్ఈ చేసి బ్రౌనౌట్‌ను, అంటే వోల్టేజి పడిపోయినప్పుడు చిప్‌ను రీసెట్ చేసే హద్దును, 1.8 వోల్టులకు దించండి. ప్రో మినీల్లో అది మామూలుగా 2.7 దగ్గర ఉంటుంది, సెల్లు ఒక్కోటి 1.35 వోల్టులకు రాగానే, చాలా సత్తా మిగిలి ఉండగానే బోర్డు రీసెట్ అవుతుంది. 8 మెగాహెర్ట్జ్‌కు కనీసం 2.4 వోల్టులు కావాలి. క్లాకును సగానికి, 4 మెగాహెర్ట్జ్‌కు తగ్గిస్తే 1.8 దాకా నడుస్తుంది. అప్పుడు ముందుగా ఆగేది 1.9 దగ్గర రేడియో. సెల్లుల్లో ఉన్నదంతా పిండుకున్నట్టే.

గడియారాలు కలుపుకోవడానికి వేరే బీకన్ (సమయం చెప్పే ప్రకటన) వినక్కర్లేదు. ఈ చిప్‌లో అక్నాలెడ్జ్‌తో పాటు కొంత డేటా తిరిగి పంపే సౌకర్యం ఉంది. సభ్యుడి ప్యాకెట్ స్లాటు మధ్యకు ఎంత ముందో, ఎంత వెనకో హెడ్ లెక్కేసి, ఆ సవరణను రెండు మూడు బైట్లలో జవాబుతో పాటే పంపితే సభ్యుడు తన గడియారం దిద్దుకుంటాడు. జవాబు ముందే లోడ్ చేసి ఉండాలి కాబట్టి అందేది క్రితం నిమిషం తాలూకు సవరణ. దానికేం ఇబ్బంది లేదు. ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటి: 250 కేబీపీఎస్‌లో తిరిగి పంపే ఆలస్యం 250 మైక్రో సెకన్ల దగ్గరే వదిలేయడం. ఖాళీ జవాబుకే 500 కావాలి, ఎనిమిది బైట్ల లోపు డేటా ఉంటే 750. తక్కువ పెడితే జవాబు వచ్చేలోపే మళ్లీ పంపడం మొదలవుతుంది, ప్యాకెట్ హెడ్‌కు చేరినా సభ్యుడు మాత్రం చేరలేదనుకుంటాడు. రీట్రైలు (జవాబు రాకపోతే మళ్లీ పంపే ప్రయత్నాలు) 15 పెట్టడం కూడా పొరపాటే, అవి పక్కవాడి స్లాటులోకి పొర్లుతాయి. రెండు చాలు. వరసగా మూడు నిమిషాలు జవాబు లేకపోతే హెడ్ పోయిందని తేల్చుకుని తర్వాతి నంబరును వెతకాలి.

చిప్‌లో ఆరు పైపులు (ఒకేసారి వినగలిగే అడ్రసులు) ఉన్నాయి కాబట్టి క్లస్టర్లో ఆరుగురే ఉండాలన్న అపోహ కూడా ఉంది. స్లాట్లు ఉన్నప్పుడు అందరూ ఒకే అడ్రస్ వాడుకోవచ్చు, నంబరు ప్యాకెట్లో రాస్తే చాలు. పక్క క్లస్టర్‌తో గుద్దుకోకుండా లీచ్ వేర్వేరు సీడీఎంఏ కోడ్లు (ఒకే చానల్‌లో ఎవరి సిగ్నల్ ఏదో వేరు చేసేవి) వాడమంటుంది. ఇక్కడ క్లస్టర్‌కో చానల్ ఇస్తే సరి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఇంటికో వైఫై, అంటే 2.4 గిగాహెర్ట్జ్ కిక్కిరిసి ఉంటుంది. వైఫై 11వ చానల్‌కు పైన మిగిలే 74, 76, 78 చానళ్లు వాడండి. 80 మీద బ్లూటూత్ ప్రకటనలు నడుస్తాయి. చిప్ 125 దాకా ఒప్పుకున్నా మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగింది 2483.5 మెగాహెర్ట్జ్ వరకే, కాబట్టి 83 దాటకండి.

సభ్య నోడ్ ఖర్చు చూస్తే రేడియో ఎంత చిన్నదో తెలుస్తుంది. పంపడం, జవాబు వినడం కలిపి ఒక్కసారికి 22 మైక్రో కూలంబులు (మైక్రో ఆంపియర్లను సెకన్లతో గుణిస్తే వచ్చేది). నిమిషానికి ఒకసారి అంటే సగటున అర మైక్రో ఆంపియర్ కూడా కాదు. బోర్డు మీద వెలిగే పవర్ ఎల్‌ఈడీ ఒక మిల్లీ ఆంపియర్ తీసుకున్నా 104 రోజుల్లో సెల్లు ఖాళీ. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఊనో బోర్డు మొత్తంగా 45 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, రెండున్నర రోజులు కూడా రాదు. ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఏ పనీ చేయకుండానే 5 మిల్లీ ఆంపియర్లు తింటుంది. రెగ్యులేటర్ తప్పనిసరైతే ఎంసీపీ1700 అడగండి, దానికి 1.6 మైక్రో చాలు. ప్రోగ్రాములో ప్యాకెట్ పంపాక పవర్‌డౌన్ పిలవడం మరిచిపోతే రేడియో స్టాండ్‌బైలో 26 మైక్రో ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. అది మిగతా నోడ్ మొత్తం ఖర్చు కన్నా ఎక్కువ.

సెన్సర్ దగ్గర కూడా ఇదే కథ. ప్రాజెక్టుల్లో ఉష్ణోగ్రత, తేమ కోసం అందరూ పెట్టే డీహెచ్‌టీ22కు ఒక రీడింగుకు రెండు సెకన్లు పవర్ ఇవ్వాలి, 1.5 మిల్లీ ఆంపియర్లు. అంటే 3,000 మైక్రో కూలంబులు, రేడియో ఖర్చుకు నూట ముప్పై రెట్ల పైమాట. దాని బదులు బీఎంఈ280 తీసుకుని, ఒక్క కొలత తీసి పడుకునే ఫోర్స్‌డ్ మోడ్‌లో వాడండి. అయితే బీఎంఈ280 అని చెప్పి తేమ కొలవలేని బీఎంపీ280 అంటగట్టడం మామూలే. చిప్ ఐడీ రిజిస్టర్ హెక్స్ డీ0 చదివితే 60 రావాలి, 58 వస్తే అది బీఎంపీ. నేల తేమ చూసే కెపాసిటివ్ పుల్లల్లో పైన ఎన్‌ఈ555 అని ఉన్న చిప్ వద్దు, దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. టీఎల్‌సీ555 ఉన్నది 3 వోల్టులకు నడుస్తుంది.

వేరే రేడియోలు? వైఫై ఉన్న ఈఎస్‌పీ32 వింటూ ఉంటే 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర, పంపేటప్పుడు 240 దాకా. బ్యాటరీ క్లస్టర్‌కు వద్దు, ప్లగ్గుకు కట్టిన గేట్‌వేగా మాత్రం దీన్ని మించింది లేదు. సీసీ2530 జిగ్‌బీకి సిగ్నల్ బలం కొలిచే సౌకర్యం ఉంది, వినడానికి 24 మిల్లీ ఆంపియర్లు. హిందూపురం, మదనపల్లి వైపు సొంత తోటల్లో ఎకరాల దూరం కావాలంటే దూరాలకు పనికొచ్చే లోరా రేడియో తీసుకోండి. షాపులో ముందుగా ఇచ్చే ఆర్ఏ-02 433 మెగాహెర్ట్జ్‌ది. మన దగ్గర లోరాకు వాడే 865 మెగాహెర్ట్జ్ బ్యాండు కోసం ఆర్ఏ-01హెచ్ అని పేరు పెట్టి అడగండి, యాంటెన్నా బిగించకుండా ఒక్కసారి కూడా పంపకండి. లోరాలో ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్) పెరిగితే దూరం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. 12 బైట్ల ప్యాకెట్‌కు ఎస్‌ఎఫ్7లో 41 మిల్లీ సెకన్లు, ఎస్‌ఎఫ్12లో 1,155. ఒక్క ప్యాకెట్‌కే ఇంతసేపు పడుతుంది కాబట్టి అక్కడ క్లస్టర్ కట్టే అవసరం అరుదు, ప్రతి నోడూ నేరుగా గేట్‌వేకు పంపడమే మేలు.

చివరగా ఒక కొనుగోలు చీటీ, పది నోడ్లకు: మాడ్యూళ్లు 12, ఏటీమెగా328పీ విడి చిప్పులు 11, 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టళ్లు 15 (కాళ్లు సన్నం, అతికించేటప్పుడు విరుగుతాయి), 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్లు 20, చిప్‌కు రెండు చొప్పున 0.1 మైక్రో ఫారడ్ సిరామిక్‌లు, రెండు ఏఏ సెల్లుల హోల్డర్లు 10. హోల్డర్ మాత్రం చేతిలోకి తీసుకుని స్ప్రింగు నొక్కి చూడండి. మెత్తగా ఉంటే టెర్రస్ మీద గాలికి ఊగినప్పుడల్లా నోడ్ రీసెట్ అయి తన స్లాటు మరిచిపోతుంది, మీరు వారం రోజులు కోడులో తప్పు వెతుకుతారు.